సగం క్రాపు, ఎడమ కాలు

ఆ వీధిలో అందరికీ ఆమె కత్తెరక్క. బ్యాంకుకీ మందుల షాపుకీ మధ్య ఇరుకు గదిలో రెండు కుర్చీల ఆడవాళ్ళ సెలూన్ నడిపేది. ఇరవై ఆరేళ్ళుగా ఆ కుర్చీల్లో ఎంతోమంది కూర్చున్నారు, లేచి వెళ్ళారు. ఆవిడ మాత్రం నిలబడే ఉంది. పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తితే సాయంత్రం ఏడింటికి దించేదాకా, భోజనానికి పదిహేను నిమిషాలు తప్ప, ఒళ్ళు కుర్చీకి తగిలేది కాదు. చెయ్యి ఎంత చురుకో నోరూ అంత చురుకు. జుట్టు పెరగకపోయినా కబుర్ల కోసం వచ్చి, ఊరికే పోతే బాగుండదని కొసలు కత్తిరించుకుని వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు.

భర్త సిటీ బస్సు డ్రైవరు. "నేను రోజంతా కూర్చుంటాను, నువ్వు రోజంతా నిలబడతావు. ఇద్దర్నీ కూడి రెండుతో భాగిస్తే ఒక ఆరోగ్యమైన మనిషి వస్తాడు" అని ఆయన జోకు. కత్తెరక్క నవ్వేది. కానీ ఆ నవ్వు మోకాళ్ళ కిందికి దిగేది కాదు.

ఎందుకంటే మోకాలి కింద, ఎడమ కాలు సంగతి వేరు. నలభయ్యో ఏట పిక్క మీద సన్నని నీలం గీతలుగా మొదలైంది. చూస్తుండగానే అవి లావెక్కాయి, మెలికలు తిరిగాయి, చర్మం కింద ఎవరో తాళ్ళు ముడివేసి దాచినట్టు తయారయ్యాయి. సాయంత్రమయ్యేసరికి కాలు సిమెంటు పోసినట్టు బరువెక్కేది. మడమ పైన చర్మం నల్లబడి, గోక్కుంటే తప్ప ప్రాణం నిలవనంత దురద. ఆమె దీనికి కనిపెట్టిన వైద్యం ఒక్కటే. వదులుగా ఉండే నల్ల ప్యాంటు, ఎండ మండిపోతున్నా మందపాటి సాక్సులు. కనపడకపోతే లేనట్టే. భర్త ఒకటి రెండుసార్లు డాక్టరు మాట ఎత్తాడు. ఆ రోజు ఇంట్లో మాటలు బంద్. దాంతో ఆయనా ఊరుకున్నాడు.

ఆమె భయానికి కారణం ఇంట్లోనే, పక్క గదిలోనే ఉంది. కత్తెరక్క తల్లికి డెబ్భై ఆరేళ్ళు. ఆవిడకీ ఇదే జబ్బు, అదీ రెండు కాళ్ళకూ. నలభై ఏళ్ళ కిందట ఆపరేషను చేశారు. తొడ మొదట్లో ఒక కోత, చీలమండ దగ్గర ఒక కోత, మధ్యలో ఉబ్బిన నరాన్ని పొడుగునా లాగి అవతల పారేశారు. అప్పుడు కత్తెరక్కకి పదకొండేళ్ళు. తల్లి మూడు వారాలు మంచం దిగలేదు. కట్లు మార్చేటప్పుడు ఆవిడ దిండు కరిచిపట్టుకోవడం, నర్సు "ఇంకొంచెం, ఇంకొంచెం" అనడం తలుపు సందులోంచి ఆ పిల్ల చూసింది. ఆ చూసింది కళ్ళలోంచి ఇంకా పోలేదు. ఏ ఆస్పత్రి ముందు నుంచి వెళ్ళినా కత్తెరక్క నడక తనకు తెలియకుండానే వేగం అందుకునేది.

ఇలా ఇంకెన్నాళ్ళు నెట్టుకొచ్చేదో గానీ, ఒక మంగళవారం మధ్యాహ్నం కథ అడ్డం తిరిగింది.

పెద్దాసుపత్రిలో స్కానింగ్ చేసే అమ్మాయి ఒకతి రెండు నెలలకోసారి ఆమె షాపుకి వచ్చేది. పాతికేళ్ళుంటాయి. నడుము దాటిన జుట్టు. కొసలు కత్తిరించడం తప్ప ఆ జుట్టు మీద ఇంకే ప్రయోగానికీ ఒప్పుకునేది కాదు. ఆ రోజు మాత్రం కుర్చీలో కూర్చుంటూనే, "అక్కా, మెడ దాకా కొట్టెయ్యండి. ఇక నావల్ల కాదు. తల ఆరేసరికి సగం సెలవు అయిపోతోంది" అంది.

"బాగా ఆలోచించుకున్నావా పిల్లా? తర్వాత ఏడిస్తే అతికించడం నాకు రాదు."

"ఏడవను. కానివ్వండి."

కత్తెరక్క జుట్టును రెండు పాయలు చేసింది. ఎడమ వైపు మొదలుపెట్టింది. పొడుగాటి కుచ్చులు నేల మీద పడుతుంటే ఆ అమ్మాయి ఒక కన్ను మూసుకుని అద్దంలో చూసుకుంటోంది. ఎడమ పక్క గడ్డం దాకా చక్కగా తీరింది. కుడి వైపుకి తిరగబోతుండగా కత్తెరక్కకి సాక్సులో ఏదో వెచ్చగా పాకినట్టనిపించింది. నొప్పి లేదు. పొద్దున షాంపూ సీసా ఒలికింది కదా, అదే తొక్కినట్టున్నాననుకుని పని సాగించబోయింది.

అద్దంలో ముందు చూసింది ఆ అమ్మాయే. తెల్లటి పలకల మీద ఎర్రటి అడుగులు.

"అక్కా, కత్తెర కింద పెట్టండి."

"ఎందుకూ? ఇంకా సగం..."

"కత్తెర కింద పెట్టి, మీరూ కింద పడుకోండి. ఇప్పుడే!"

ఇరవై ఆరేళ్ళలో ఆ షాపులో కత్తెరక్కకి ఎవరూ ఆజ్ఞలివ్వలేదు. ఆ ఆశ్చర్యంతోనే పడుకుంది. ఆ అమ్మాయి మెడకి కట్టిన గుడ్డతోనే కుర్చీలోంచి దూకి, ఆమె ఎడమ కాలెత్తి తను కూర్చున్న కుర్చీ మీద పెట్టింది. సాక్సు లాగేసింది. చీలమండ పైన ఉబ్బిన చోట ఒకటి చిట్లి, రక్తం సన్నటి ధారగా చిమ్ముతోంది. ఉతికి మడిచిన తువ్వాలు ఒకటి తీసి, రెండు బొటనవేళ్ళతో గట్టిగా అదిమి పట్టింది.

"చచ్చిపోతున్నానా?" అనడిగింది కత్తెరక్క, గొంతు మామూలుగా ఉంచడానికి నానా అవస్థ పడుతూ.

"ఇలా కాలు పైకెత్తి అదిమితే ఎవరూ చచ్చిపోరు. గడియారం చూస్తూ ఉండండి. పదిహేను నిమిషాలు."

గడియారం పక్కనే పైకప్పు మూల బూజు కనిపించింది. తన షాపును పడుకుని చూడటం ఇదే మొదటిసారి. ఇంత బూజు పెట్టుకుని ఇన్నాళ్ళు ఎలా ఉన్నానా అని ఆ స్థితిలోనూ సిగ్గేసింది.

పదిహేను నిమిషాలకి రక్తం ఆగింది. మందుల షాపులోంచి బ్యాండేజి తెప్పించి ఆ అమ్మాయి కట్టు కట్టింది. కట్టు కడుతూ మోకాలి దాకా చూసింది. కత్తెరక్కకి ఆ చూపే తిట్టులా తగిలింది.

"ఎన్నేళ్ళ నుంచి?"

"పన్నెండు. నరాలు ఉబ్బాయి, అంతే. మా వంశంలోనే ఉంది."

"నరాలు కాదక్కా, సిరలు. కాళ్ళలోంచి రక్తాన్ని గుండెకి పైకి తీసుకెళ్ళే గొట్టాలు. రేపు మా దగ్గరకొచ్చి స్కాను తీయించుకోండి. నొప్పుండదు, సూదుండదు."

"వస్తాలే. ఈ వారం షాపులో పని ఎక్కువుంది. వచ్చే వారం... కూర్చో, నీ కుడి పక్క పూర్తి చేస్తాను."

ఆ అమ్మాయి మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పి, దులిపి, మడత పెట్టి బల్ల మీద పెట్టింది. "వచ్చే వారం అని పన్నెండేళ్ళుగా అంటున్నారు కదా. మీరు స్కానుకి వచ్చేదాకా నా తల ఇలాగే ఉంటుంది. ఇంకెవరి చేతా కత్తిరించుకోను. ఎవరు కత్తిరించారని అడిగితే మీ పేరు, షాపు గుర్తులు అన్నీ చెబుతాను."

కత్తెరక్క నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. ఒక పక్క గడ్డం దాకా, ఇంకో పక్క నడుము దాకా జుట్టుతో, తల ఎత్తుకుని వీధిలోకి నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మందుల షాపతను షట్టరు దగ్గరే ఆపాడు. "కత్తెరక్కా, ఏదైనా కొత్త ఫ్యాషనా? స్కానింగమ్మాయిని చూశాను."

ఆ తర్వాతి రోజు ముగ్గురు వచ్చారు. ఇద్దరు అడిగారు. మూడో ఆవిడ అడక్కుండా, "నాకు మాత్రం రెండు వైపులా ఒకేలా కావాలమ్మా" అని ముందే చెప్పి కూర్చుంది. కత్తెరక్క ముఖం కందగడ్డ అయింది. ఆమె పనికి ఇన్నేళ్ళలో ఎవరూ వంక పెట్టలేదు. ఇప్పుడు ఆమె పనితనం ఊరంతా సగంగా తిరుగుతోంది.

శుక్రవారం సాయంత్రం భర్త భోజనం దగ్గర కూర్చుని, "ఆ పిల్ల మన బస్సెక్కింది" అన్నాడు. "ముందు తలుపులో ఎక్కేటప్పుడు ఒక మనిషి, లోపలికెళ్ళి తిరిగితే ఇంకో మనిషి. టికెట్టు మాత్రం ఒక్కటే తీసుకుంది."

పక్కన కూర్చున్న తల్లికి పొలమారింది. కత్తెరక్క నవ్వలేదు. భర్త కూడా నవ్వడం ఆపాడు.

"రక్తం సంగతి కూడా చెప్పింది" అన్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆస్పత్రికి పదమంటారు."

"అంటాను మరి. ఆ పిల్ల ఆ పూట అక్కడ లేకపోతే ఏమయ్యేది? నేను బస్సు నడుపుతూ ఉండేవాణ్ణి. నాకు ఫోను వచ్చేది." అంతవరకూ అని, కంచం పక్కకి జరిపాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన అన్నం సగంలో వదిలెయ్యడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"నాకు భయమండీ" అంది కత్తెరక్క. ఆ మాట పైకి అనడం ఆమెకి అదే మొదలు. "అమ్మని చూశాను కదా."

"వెళ్ళకు" అంది తల్లి వెంటనే. "అల్లుడూ, నువ్వు దాన్ని బలవంతం పెట్టకు. తాడు లాగినట్టు లాగుతారు. ఆ నొప్పి నాకు తెలుసు. కాలు ఉబ్బితే ఉబ్బింది, దిండు మీద పెట్టుకుని పడుకుంటే పోయె."

భర్త ఎవరినీ బలవంతం పెట్టలేదు. కంచం తీసి కడిగి, వెళ్ళి పడుకున్నాడు. అదే కత్తెరక్కకి నిద్ర పట్టనివ్వలేదు.

సోమవారం షాపుకి సెలవు. ఆమె చేతిసంచిలో కత్తెర, దువ్వెన, మెడకి కట్టే గుడ్డ పెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరింది. తన లెక్క తనకుంది. స్కానంటే నొప్పి లేదంటోంది కాబట్టి తీయించుకోవడం, అక్కడే ఆ పిల్లని కూర్చోబెట్టి కుడి పక్క కత్తిరించేయడం, పరువు కాపాడుకుని ఇంటికొచ్చేయడం. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

స్కానింగ్ గది చిన్నది, చీకటిగా, చల్లగా ఉంది. ఆ అమ్మాయి ఆమెను చూసి కేక పెట్టినంత పని చేసింది. సంచిలోంచి కత్తెర తీయబోతే, "ముందు మీ వంతు" అని ఒక మెట్టు పీట ఎక్కించి నిలబెట్టింది. కాలికి చల్లటి జెల్లీ పూసి, అరచేతిలో పట్టేంత పరికరాన్ని తొడ మీద ఆనించింది. తెర మీద నల్లగా, బూడిదగా ఏవో కదిలాయి.

"చూడండక్కా. నేను పిక్క నొక్కుతాను. నీలం రంగు పైకి వెళ్తుంది. అదీ రక్తం."

నీలం పైకి వెళ్ళింది. గదిలో హుష్షుమని గాలి వీచినట్టు చప్పుడు.

"ఇప్పుడు వదిలేస్తాను."

ఎర్రటి రంగు తెర నిండా కిందికి విరుచుకుపడింది. చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది.

"ఈ సిర లోపల చిన్న చిన్న తలుపులుంటాయి. రక్తం పైకెళ్ళాక మూసుకోవాలి. మీవి మూసుకోవడం లేదు. వెళ్ళిందంతా మళ్ళీ కిందికే వచ్చి పిక్కలో నిలబడుతోంది. అందుకే సాయంత్రానికి అంత బరువు."

కత్తెరక్క ఆ తెరనే చూస్తూ ఉండిపోయింది. పన్నెండేళ్ళుగా తన కాలిని చూసి అసహ్యించుకుంది, దాచింది, తిట్టుకుంది. అది లోపల ఇంత అవస్థ పడుతోందని ఒక్కసారీ అనుకోలేదు. "పాపం" అంది, తన కాలి గురించే.

తర్వాత డాక్టరు గదిలోకి తీసుకెళ్ళారు. యాభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు. తల మీద ఉన్న కాసిని వెంట్రుకలూ చెవుల దగ్గర హెచ్చుతగ్గులుగా ఉన్నాయి. కత్తెరక్క దృష్టి ముందు అక్కడికే పోయింది.

"మా అమ్మకి లాగేశారు" అంది ఆమె, ఆయన కూర్చోమనకముందే.

"అప్పట్లో అదే దారి" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు లాగం. పాడైన సిరని ఉన్నచోటే ఉంచి లోపల్నుంచి మూసేస్తాం. మోకాలి దగ్గర ఒక సూది గుచ్చి, దాంట్లోంచి జుట్టుపిన్ను కంటే సన్నటి లేజరు తీగ తొడ దాకా పంపిస్తాం. వెనక్కి తీసుకుంటూ వస్తుంటే ఆ వేడికి సిర ముడుచుకుని మూసుకుపోతుంది. వేడి వద్దనుకుంటే జిగురుతో అతికించే పద్ధతీ ఉంది. మీ సిర తిన్నగా ఉంది, లేజరు సరిపోతుంది. కింద మెలికలు తిరిగినవాటికి కొన్నాళ్ళాగి నురగ మందు ఇంజెక్షనిస్తాం."

"మూసేస్తే మరి రక్తం ఎటు పోతుంది?"

"మంచి ప్రశ్న. లోపల కండల మధ్య పెద్ద దారి ఉంది, అది మీకు శుభ్రంగా ఉంది. ఈ అమ్మాయి చూసింది. అటు పోతుంది."

"మంచంలో ఎన్నాళ్ళు?"

"మంచమా? పడుకున్నారని తెలిస్తే నేనే ఫోను చేసి తిడతాను. బల్ల దిగగానే అరగంట నడవాలి. ఒక వారం పాటు బిగుతు మేజోడు వేసుకోవాలి. తొడలో కాస్త లాగినట్టుంటుంది, కమిలినట్టు కనిపిస్తుంది, తగ్గిపోతుంది. ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. ఇది పోయాక ఇంకోచోట కొత్తది ఎప్పటికీ రాదని నేను రాసివ్వలేను. కానీ ఈ కాలు మాత్రం తేలికపడుతుంది." ఆయన స్కానింగమ్మాయి వైపు చూశాడు. "అది సరేగానీ, వారం నుంచి అడుగుదామనుకుంటున్నాను. ఆ తల ఏమిటమ్మా?"

"ఈ అక్క ఒప్పుకోవడం కోసం సార్."

డాక్టరు ఆ సగం క్రాపునీ, కత్తెరక్క సంచిలోంచి తొంగిచూస్తున్న కత్తెరనీ మార్చి మార్చి చూసి, పగలబడి నవ్వాడు. కత్తెరక్కకీ నవ్వొచ్చేసింది. ఆ మంగళవారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వులోనే, "ఎప్పుడు రమ్మంటారు?" అనేసింది.

గురువారం రమ్మన్నారు. ఆ అమ్మాయి మాత్రం మాట మార్చింది. "అప్పుడు స్కాను అన్నాను, ఇప్పుడు లేజరు అంటున్నాను. గురువారం అయ్యాకే." కత్తెర వచ్చిన దారినే ఇంటికి వెళ్ళింది.

మధ్యలో ఉన్న ఆ మూడు రోజులూ ఇంట్లో జరిగిన హడావిడి ఇంతా అంతా కాదు. తల్లి అల్లుడి చేత ముందు గదిలో మంచం వేయించింది. దిండ్లు నాలుగు. చేతికర్ర ఒకటి అరువు తెప్పించింది. పక్కింటివాళ్ళ దగ్గర చక్రాల కుర్చీ ఉందేమో కనుక్కోమంది. అల్లుడు అన్నిటికీ తలూపి, వారం రోజులు సెలవు పెట్టాడు.

గురువారం పదిన్నరకి కత్తెరక్క బల్ల మీద పడుకుంది. మత్తు కాలికి మాత్రమే. సిర పొడుగునా వరసగా చల్లటి మందు సూదులు గుచ్చారు. అవి చురుక్కుమన్నాయి. ఆరో సూదికి "అబ్బా" అంది, ఎనిమిదో దానికి లెక్క వదిలేసింది. తర్వాత కాలు తనది కానట్టయిపోయింది. స్కానింగమ్మాయి తెర చూపిస్తూ దారి చెబుతోంది. డాక్టరు తలొంచుకుని పని చేస్తున్నాడు.

ఆయన తల సరిగ్గా కత్తెరక్క కళ్ళ ముందు ఉంది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

"డాక్టరుగారూ, మీకు జుట్టు ఎవరు కత్తిరిస్తారు?"

"మా ఆవిడ."

"తెలుస్తోంది."

నర్సు ట్రే పట్టుకుని గోడ వైపు తిరిగింది. డాక్టరు తల ఎత్తకుండానే, "ఇప్పుడు లేజరు వేస్తున్నాను. ముక్కుకి ఏదో మాడిన వాసనలా అనిపించవచ్చు, కంగారు పడకండి" అన్నాడు. నిజంగానే అనిపించింది. ఇస్త్రీ పెట్టె గుడ్డ మీద మర్చిపోయినట్టు. రెండు మూడు నిమిషాలు. తొడ లోపల ఎక్కడో దూరంగా వెచ్చదనం.

"అయిపోయింది."

"ఏది అయిపోయింది?"

"మొత్తం. లేవండి, మేజోడు వేస్తారు. నడవండి."

పదకొండేళ్ళప్పుడు తలుపు సందులోంచి చూసినదంతా ఆమెకి ఒక్కసారి కళ్ళ ముందు మెదిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నర్సు నొప్పేమో అనుకుంది. కాదని చెయ్యి ఊపి, కాలు నేల మీద మోపింది. అది మొయ్యగలిగింది.

బయట వరండాలో భర్త నాలుగు దిండ్లతో నిలబడి ఉన్నాడు. భార్య తన కాళ్ళ మీద నడుచుకుంటూ రావడం చూసి ఆయన దిండ్లను కిందా మీదా చేసుకున్నాడు. "ఏమయింది? చెయ్యలేదా? భయపడి లేచొచ్చేశావా?"

"అయిపోయిందండీ. నడవమన్నారు. ఆ దిండ్లు నాకివ్వండి, మోస్తాను."

ఇద్దరూ ఆస్పత్రి చుట్టూ ఉన్న దారిలో అరగంట నడిచారు, దిండ్లు చెరి రెండు చంకలో పెట్టుకుని. ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని చూశారు.

ఇంట్లో తల్లి నమ్మలేదు. కూతురు గుమ్మంలోంచి నడిచి రావడం చూసి, "మోసం చేశారు" అంది. "ఊరికే గుడ్డ చుట్టి పంపించారు. ఏదీ కోత? కుట్లు ఏవీ? కోత లేకుండా ఆపరేషనేమిటే?"

"ఒక్క సూది రంధ్రమమ్మా. చిన్న పట్టీ వేశారు."

"ఆ మాట నాకు చెప్పకు!" ఆవిడ అల్లుణ్ణి నిలదీసింది. "నువ్వు లోపల ఉన్నావా? చూశావా?"

"నేను దిండ్ల దగ్గర ఉన్నానండి" అన్నాడు ఆయన.

ముందు గదిలో వేసిన మంచం మీద ఆ రోజు మధ్యాహ్నం తల్లే పడుకుంది. పడుకుని, కూతురు ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతుంటే కళ్ళప్పగించి చూస్తూనే ఉంది.

తొడ కమిలి నాలుగు రోజులు వంకాయ రంగులో ఉంది. మెట్లెక్కుతుంటే లోపల దారం బిగించినట్టు లాగేది. కానీ కాలు బరువు మొదటి సాయంత్రమే దిగిపోయింది. శనివారం స్కానింగమ్మాయి షాపుకి వచ్చి కూర్చుంది. ఎక్కువసేపు నిలబడొద్దన్నారు కాబట్టి భర్త తెచ్చిన ఎత్తు స్టూలు మీద కత్తెరక్క మొదటిసారి కూర్చుని జుట్టు కత్తిరించింది. మందుల షాపతను, బ్యాంకులో ఇద్దరు గుమాస్తాలు అద్దాల తలుపు దగ్గర నిలబడి చూశారు. కుడి పక్క కుచ్చు కిందపడగానే బయట చప్పట్లు వినిపించాయి. ఆ అమ్మాయి తల విదిల్చుకుని, "అమ్మయ్య, ఇప్పటిదాకా మెడ ఒక పక్కకే వాలిపోయింది" అంది.

నెల తర్వాత నురగ ఇంజెక్షన్లకి వెళ్ళాల్సి వచ్చింది. బయల్దేరుతుంటే తల్లి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వెక్కడికమ్మా?"

"తోడుకి."

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద తల్లి పక్కన కూర్చున్నాక, ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకుని, బట్ట మోకాలి దాకా ఎత్తింది. కత్తెరక్క ఒంగి చూసింది. పాత కోత గీతకి అటూ ఇటూ రెండు కాళ్ళ నిండా కొత్త మెలికలు, నీలంగా, లావుగా. కుడి చీలమండ దగ్గర మానీ మానని పుండు, దాని మీద చింకి గుడ్డ.

"ఎన్నేళ్ళ నుంచి?" స్కానింగమ్మాయి అడిగిన మాటే ఆమె నోటి నుంచి వచ్చింది.

"ఇరవై ఏళ్ళో ఎంతో. మళ్ళీ వచ్చాయి."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే నువ్వింకా భయపడి చస్తావని. నావి చూసి నీవి దాచుకుంటావని." ఆవిడ బట్ట దించుకుంది. "నువ్వు ఎలాగూ దాచుకున్నావనుకో."

ఒకే ఇంట్లో, గోడకి అటూ ఇటూ, ఇద్దరూ కాళ్ళు దాచుకుని తిరిగారన్నమాట. కత్తెరక్కకి ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. తల్లి భుజం మీద తల పెట్టుకుని రెండూ ఒకేసారి కానిచ్చింది.

"ఊరుకో. ఎవరైనా చూస్తే కాలు తీసేశారనుకుంటారు" అంది తల్లి. "ఆ నురగేదో నాకు వేస్తాడేమో అడుగు. లాగుతానంటే మాత్రం ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను."

డాక్టరు ఆవిడ కాళ్ళు చాలాసేపు చూశాడు. స్కాను తీయించాడు. గుండె, మందులు అన్నీ అడిగి తెలుసుకుని, "నురగ వేయవచ్చు, పుండు కూడా మానుతుంది. నెమ్మదిగా చేద్దాం. ఏ కాలితో మొదలుపెడదాం పెద్దమ్మా?" అన్నాడు.

"పుండున్నదాంతోనే. అది నాకు ఎక్కువ అన్యాయం చేసింది" అంది ఆవిడ. తర్వాత ఆయన తల వైపు తేరిపార చూసి, "మా అమ్మాయి షాపు బ్యాంకు పక్కనే. మగవాళ్ళకి చెయ్యదు గానీ, నేను చెబితే చేస్తుంది" అంది.

మూడు నెలలు పట్టింది. పుండు మానింది. అప్పట్నుంచి పొద్దున్నే ఇద్దరూ నడకకి వెళ్తున్నారు. మొదట్లో వీధి చివర దాకా. తర్వాత బస్సు డిపో దాకా. ఇప్పుడు తల్లి రోజుకో కొత్త సందు వెతుకుతోంది, "ఇటు ఎప్పుడూ రాలేదు, పద" అంటూ. మేజోళ్ళు ఇద్దరికీ ఒకే రంగువి. కత్తెరక్క నల్ల ప్యాంట్లు పాత బట్టల మూటలో చేరాయి. మోకాలి కిందికి వచ్చే గౌను వేసుకున్న మొదటి రోజు ఆమె పది అడుగులకోసారి కిందికి చూసుకుంది. పిక్క మీద ఇంకా గోధుమ రంగు మచ్చలున్నాయి, అవి పోవడానికి ఏడాది పడుతుందన్నారు. పోకపోయినా ఫరవాలేదనిపించింది.

ఈ మధ్యే ఒక ఉదయం డిపోలోంచి బస్సు బయటికి తీస్తూ భర్త వాళ్ళిద్దర్నీ చూశాడు. హారన్ కొట్టి, "ఎక్కండి, ఇంటి దగ్గర దింపుతాను" అన్నాడు.

తల్లి ఆగను కూడా ఆగలేదు. "నువ్వు పో అల్లుడూ, మాకు పనుంది" అని చెయ్యి ఊపి, కూతురు మోచెయ్యి పట్టుకుని, ఎండ పడుతున్న పక్కకి రోడ్డు దాటించింది.